ఒంటరిగా ఇటాలియన్ డిన్నర్: కాచో ఎ పెపే ఎక్కడ చెడింది

నలుగురు కలిసి వెళ్తే నాలుగు రకాలు టేబుల్ మీదకొస్తాయి. ఒకటి బాగోకపోయినా పక్కవాళ్ల ప్లేట్‌తో సర్దుకోవచ్చు. ఒక్కదాన్నే వెళ్లినప్పుడు ఆ వీలుండదు, చెప్పిన పాస్తా చెడితే ఆ పూట భోజనమే చెడినట్టు. అందుకే కొత్త ఇటాలియన్ రెస్టారెంట్‌లో నేను కాచో ఎ పెపే చెప్తాను. రోమ్ వంటకం. పాస్తా, పెకోరినో రొమానో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, అంతే. క్రీమ్ ఉండదు, వెన్న ఉండదు, వెల్లుల్లి కూడా ఉండదు. ఏదైనా తేడా జరిగితే కప్పిపుచ్చడానికి ఏమీ లేదు కాబట్టి కిచెన్ పనితనం మొదటి ఫోర్క్‌కే బయటపడుతుంది.

ఒక్కరే అనగానే కిచెన్ తలుపు దగ్గర టేబుల్ చూపించారు. చాలామందికి అది నచ్చదు గానీ, ఈ పాస్తాకి ఆ చోటే మేలు. చీజ్ సాస్ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, ప్లేట్ ఎంత తక్కువ దూరం నడిస్తే అంత మంచిది. తలుపు తెరిచినప్పుడల్లా గాలి కొడుతుంటే మాత్రం గోడ పక్క టేబుల్ అడగండి, మొహమాటం అక్కర్లేదు.

ఆర్డర్ ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగాలి. "ఇందులో క్రీమ్ వేస్తారాండీ?" అన్నాను. "లేదు మేడమ్" అన్నారు. "పాస్తా ఎండుదా, ఫ్రెష్‌గా చేసిందా?" అంటే ఎండు స్పగెట్టి అని చెప్పారు. ఈ రెండో జవాబు చాలా ముఖ్యం. ఎండు స్పగెట్టి మామూలుగా 9 నుంచి 11 నిమిషాలు ఉడకాలి, ఆ తర్వాత సాస్‌లో ఇంకో నిమిషం తిప్పాలి. ఫ్రెష్ పాస్తా అయితే మూడు నాలుగు నిమిషాల్లో దిగిపోతుంది. నా ప్లేట్ ఐదు నిమిషాలకే వచ్చేసింది. ఎండు పాస్తా ఐదు నిమిషాల్లో వచ్చిందంటే ముందే ఉడికించి పెట్టుకున్నదే, అనుమానమే లేదు.

ప్లేట్ ఎలా ఉందో వివరంగా చెప్తాను. అంచు చుట్టూ పల్చటి తెల్లనీళ్లు చేరాయి. మధ్యలో చీజ్ విరిగిన పాలలా ఉండలు ఉండలుగా ఉంది. స్పగెట్టి పోగులకు సాస్ అంటుకోలేదు, నున్నగా మెరుస్తున్నాయి. ఫోర్క్‌తో చుట్టి పైకెత్తితే ఒక ఉండ తీగలా సాగి మళ్లీ ప్లేట్‌లో పడింది. మిరియాలు మెత్తటి పొడి, నీళ్ల మీద బూడిదరంగులో తేలుతోంది. పోగును కొరికి మధ్యలో చూస్తే సరిగ్గా ఉడికిన పాస్తాకు సన్నటి లేత చుక్క కనిపిస్తుంది. ఇందులో అది లేదు, అంచు నుంచి అంచు దాకా ఒకే మెత్తదనం.

తీగ సాగింది కదా అని మొజరెల్లా కలిపారనుకోకూడదు. స్వచ్ఛమైన పెకోరినో కూడా వేడెక్కువైతే అలాగే సాగుతుంది. సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటితే చీజ్‌లోని ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండ కడతాయి, నీళ్లూ కొవ్వూ విడిపోతాయి. దాన్ని ఆపేది పిండిపదార్థం, అంటే పాస్తా ఉడికిన నీళ్లలోని స్టార్చ్. 2025లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ సాస్ మీదే పరిశోధన ప్రచురించారు. చీజ్ బరువులో స్టార్చ్ 1 శాతం కంటే తగ్గితే సాస్ విరుగుతుందని, 2 నుంచి 3 శాతం ఉంటే నిలుస్తుందని తేల్చారు. అంటే 160 గ్రాముల పెకోరినోకి 4 గ్రాముల స్టార్చ్ చాలు.

ఇప్పుడు ఆ ఐదు నిమిషాల సంగతి మళ్లీ చూడండి. ముందే ఉడికించిన పాస్తాలోంచి స్టార్చ్ అప్పుడే మొదటి నీళ్లలోకి పోయింది, ఆ నీళ్లు పారబోశారు. ఆర్డర్ రాగానే కొత్త మరుగునీళ్లలో ఒక్కసారి ముంచి తీశారు. ఆ నీళ్లు దాదాపు వట్టి నీళ్లే. అవే చీజ్‌లో పోశారు. మెత్తబడ్డ పోగులూ, విరిగిన సాసూ రెండు వేర్వేరు తప్పులు కావు, ఒకే పనికి రెండు ఫలితాలు. దానికి తోడు స్టవ్ ఆర్పకుండానే చీజ్ వేసి ఉంటారు, తీగ సాగడం దాని గుర్తే.

పద్ధతిగా చేస్తే ఒక్కరికి 100 గ్రాముల పాస్తాకి 50 గ్రాములకు పైగా పెకోరినో పడుతుంది, అదీ పొడిలా సన్నగా తురిమింది. మామూలు పాస్తాకి లీటరు నీళ్లకు 10 గ్రాముల ఉప్పు వేస్తారు. ఇక్కడ చీజే ఉప్పగా ఉంటుంది కాబట్టి 6, 7 గ్రాములు చాలు. నీళ్లు కూడా తక్కువే పెట్టాలి, స్టార్చ్ చిక్కగా దిగుతుంది. మిరియాలు బరకగా దంచి ఖాళీ పెనం మీద వాసన వచ్చేదాకా వేయించాలి. చీజ్‌ని గోరువెచ్చటి పాస్తా నీళ్లతో ముద్దగా కలిపి ఉంచి, పాస్తా పెనంలోకి వేశాక స్టవ్ ఆర్పి, ఒక నిమిషం ఆగి అప్పుడు కలపాలి. ఆ ఒక్క నిమిషం ఆగకపోతే మిగతా శ్రమంతా వృథా.

వెనక్కి పంపాలంటే రెండు ఫోర్కులు తిన్నాక చెప్పాలి, సగం అయ్యాక కాదు. "బాగోలేదు" అంటే కిచెన్‌కి ఏమీ అర్థం కాదు. "సాస్ విరిగింది, చీజ్ ఉండలు కట్టింది. పాస్తా కొత్తగా ఉడికించి చేయించండి, పదిహేను నిమిషాలు ఆగుతాను" అన్నాను. మూడు నిమిషాల్లో అదే ప్లేట్ తిరిగొచ్చింది, పైన క్రీమ్ పోసి. ఒకసారి అతుక్కున్న చీజ్ క్రీమ్ పోస్తే విడిపోదు. తెల్లటి క్రీమ్ కింద అవే ఉండలు, ఇప్పుడు ఉప్పదనం మీద తియ్యదనం కూడా చేరింది. క్రీమ్ వెయ్యం అని చెప్పి, తర్వాత వేశారన్నది నాకు నిజంగా బాధ కలిగించింది.

మూడోసారి అదే వంటకం అడగడం దండగ. ఉడికించి పెట్టుకున్న పాస్తా ఉన్నచోట టమాటా సాస్ అడగాలి. పొమొదోరో సాస్‌కి సొంత చిక్కదనం ఉంటుంది, స్టార్చ్ లేకపోయినా పోగులను పట్టుకుంటుంది. అదే తెప్పించుకున్నాను. స్పగెట్టి మెత్తగానే ఉంది, సాస్ మాత్రం శుభ్రంగా, ఇటాలియన్ తులసి (బేసిల్) వాసనతో వచ్చింది. రిజొట్టో జోలికి పోలేదు. బియ్యం పచ్చి నుంచి 16 నుంచి 18 నిమిషాలు కలుపుతూ ఉండాల్సిన వంటకం, పాస్తానే ముందు ఉడికించే కిచెన్ దాన్ని ఒక్క ప్లేట్ కోసం మొదటినుంచి చేస్తుందని నమ్మలేను.

తిరమిసు బాగుంది, ఆ మాట చెప్పితీరాలి. బిస్కెట్ కాఫీని సమంగా పీల్చుకుంది, అడుగున నీళ్లు దిగలేదు, మాస్కర్‌పోనే అనే మెత్తటి క్రీమ్ చీజ్ పొర చెంచాకి నిలిచింది. అది కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంటేనే కుదిరే తీపి. ఇలాంటి కిచెన్‌లో మెనూ కూడా ఆ లెక్కనే చూడాలి. లసాన్యా, రగూ (మాంసం సాస్), వంకాయ పార్మిజానా లాంటివి ముందే చేసి ఉంచినా చెడవు. కార్బొనారా (గుడ్డు, చీజ్ సాస్‌తో పాస్తా), కాచో ఎ పెపే, రిజొట్టో అప్పటికప్పుడు చేస్తేనే వస్తాయి.

బిల్లులో తిప్పిపంపిన ప్లేట్ కూడా ఉంది. కార్డు ఇవ్వకముందే ఆ వరుస చూపించి తీసేయమన్నాను, మేనేజర్ మారుమాట లేకుండా తీసేశారు. డబ్బు కట్టాక అడిగితే రిఫండ్ వ్యవహారం అవుతుంది, అందుకని బిల్లు చదివాకే కార్డు తీయండి.