విశాఖ జూలో మా చేని జింకలు

నాన్నకు సముద్రం చూపిద్దామని మొన్న డిసెంబర్‌లో విశాఖపట్నం తీసుకెళ్లాను. మాది నంద్యాల వైపు మెట్ట పల్లె. రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, విజయవాడ మీదుగా పొద్దున వైజాగ్‌లో దిగుతాం. చెల్లెలు, బావ ఎండాడలో ఉంటారు. ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం అన్నీ తిరిగాం, నాన్న సముద్రంలో మోకాళ్ల దాకా దిగి చాలాసేపు బయటికి రాలేదు. వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను జూ గురించే రాస్తాను, అందులోనూ ఒక్క జంతువు, కృష్ణ జింక గురించి.

జూకి రెండు వైపుల నుంచి దారి ఉంది, ఒకటి హైవే మీద నుంచి, ఇంకోటి బీచ్ రోడ్డులో సాగర్‌నగర్ వైపు నుంచి. 1977లో తెరిచారు, 600 ఎకరాలకు పైనే ఉంటుంది, కంబాలకొండ అడవిలోనే ఉంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం, ఇంత అందమైన చోట ఉన్న జూ నేను ఇంకోటి చూడలేదు. సోమవారం సెలవు, మిగతా ఏ రోజైనా పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే జంతువులన్నీ నీడ పట్టుకుని పడుకుంటాయి.

పులి దగ్గర, తెల్ల పులి దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. కృష్ణ జింకల దగ్గర మాత్రం ఎవరూ ఆగడం లేదు, ఫోన్‌తో ఒక ఫోటో కొట్టి నడిచిపోతున్నారు. నాకు బాధేసింది. అది మన రాష్ట్ర జంతువు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడూ అదే, విడిపోయాక తెలంగాణ చుక్కల జింకను తీసుకుంది, మనం దీన్నే ఉంచుకున్నాం. ఆఫీసు గోడల మీద బొమ్మ చూసే ఉంటారు, ఎదురుగా నిలబడితే మాత్రం పట్టించుకునేవాళ్లు లేరు.

నాన్న కంచె పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. "ఇవి మన శనగ చేన్లో మేసేటివే గదరా" అన్నాడు. మా మేనకోడలికి ఎనిమిదేళ్లు, కొమ్ములున్నవి, లేనివి వేరువేరు జంతువులనుకుంది. తాత దాన్ని పక్కన నిలబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నల్లది పోతు, గోధుమ రంగుది ఆడది, పోతు కూడా చిన్నప్పుడు గోధుమ రంగులోనే ఉంటాది, వయసు ముదిరే కొద్దీ వీపు నల్లబడతాది, వానలు పోయినాక నలుపు బాగా తేరుతాది, ఎండాకాలానికి మళ్లీ పలచబడతాది. మేం వెళ్లింది చలికాలం కాబట్టి ఆ నలుపు నిగనిగలాడుతోంది, కింద పొట్ట, కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా, ఎవరో సున్నం గీత గీసినంత స్పష్టంగా ఉంది. నాకు పుస్తకంలో చదివి తెలిసింది ఆయనకు చేను గట్టు మీద కూర్చుని తెలిసింది. "ఒకటి ఎగిరిందంటే మంద మొత్తం ఎగురుతాది పాపా, అప్పుడు ఎంత కూతేసినా లాభం లేదు, నువ్వు గట్టు దాటేలోపల అవి పక్క ఊరి పొలిమేరలో ఉంటాయి" అన్నాడు.

అక్కడ నిలబడినప్పుడు చూడాల్సింది కొమ్ములు. మెలికలు తిరిగి పైకి లేస్తాయి, బాగా పెరిగిన పోతుకు రెండడుగులు కూడా ఉంటాయి, మూడు నాలుగు మెలికలు లెక్కపెట్టొచ్చు. జూలోనే కణుజుల కొమ్ములు కూడా చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కణుజు కొమ్ములకు కొమ్మలుంటాయి, ఏటా రాలిపోయి కొత్తవి వస్తాయి. కృష్ణ జింక కొమ్ము అలా కాదు, ఆవు కొమ్ములాగే లోపల ఎముక, పైన గట్టి తొడుగు, ఒకసారి వస్తే బతికినంత కాలం ఉంటుంది. అందుకే శాస్త్రం ప్రకారం దీన్ని దుప్పి, కణుజుల కుటుంబంలో కలపరు, ఆవులు, మేకల కుటుంబంలో పెడతారు. మేం చూస్తుండగానే ఒక పోతు కంటి కింద ఉన్న గ్రంథిని పుల్లకు రుద్దింది, ఇంకో మూల పెంటికల కుప్ప ఉంది. ఇది నా జాగా అని మిగతా పోతులకు చెప్పడం అలాగే.

కానీ పరుగు మాత్రం జూలో కనిపించదు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలిగిన జంతువు అది. ఈ దేశంలో దాన్ని వెంటాడింది చీతా. రాజులు చీతాలను పట్టి, మచ్చిక చేసి, బండ్ల మీద తీసుకెళ్లి ఈ జింకల మీదకే వదిలేవాళ్లు. విశాఖకు ఆ చరిత్రతో సంబంధం కూడా ఉంది, 1880లో ఇక్కడ గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఇర్విన్ అనే ఇంగ్లీషు అధికారి విజయనగరం రాజావారి చీతా దాడిలో చనిపోయాడు. బావ ఇక్కడే పుట్టి పెరిగినా ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదన్నాడు. 1952లో మన దేశంలో చీతాలు లేవని ప్రకటించేశారు. తరిమేది పోయింది, ఆ పరుగు మాత్రం జింక కాళ్లలో అలాగే ఉండిపోయింది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ కొండలు, ఆ పచ్చటి అడవి చూస్తుంటే ఇదే జింకల ఇల్లు అనిపిస్తుంది కానీ ఈ జింకకు అడవి పనికిరాదు. దానికి కావాల్సింది మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా ఓ చెట్టు, కనుచూపు మేర ఖాళీ నేల. దూరం నుంచే ప్రమాదాన్ని చూసి పరుగెత్తి బతికే జంతువు, చెట్లు దట్టమైతే దానికి చూపూ అందదు, పరుగూ సాగదు. మా వైపు రోళ్లపాడులో అలాంటి నేల ఉంది, 1988లో బట్టమేక పిట్ట కోసం దాన్ని అభయారణ్యం చేశారు, కృష్ణ జింకలు కూడా అక్కడ ఉన్నాయి. గుజరాత్‌లో వెలవదర్ కూడా ఇలాంటి గడ్డి మైదానమే. కానీ రికార్డుల్లో గడ్డి నేలంటే బీడు, బంజరు, పోరంబోకు. పరిశ్రమ రావాలన్నా, సోలార్ ప్యానెళ్లు పరచాలన్నా, ఆఖరికి మొక్కలు నాటే కార్యక్రమం పెట్టాలన్నా అందరి కళ్లూ ముందు దాని మీదే పడతాయి. వదిలేసిన చోట సర్కారు తుమ్మ కమ్ముకుంటోంది. చెట్టు నరికితే ఊరంతా అడుగుతారు, గడ్డి నేల దున్నేస్తే ఒక్కరు కూడా అడగరు. ఇది నాకు చాలా ఏళ్లుగా మనసులో ఉన్న కోపం, ఆ కంచె దగ్గర నిలబడితే ఇంకా పెరిగింది.

బీళ్లు తగ్గేకొద్దీ జింకలు ఎక్కడికి పోతాయి? చేలలోకే వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో దీన్ని మొదటి షెడ్యూల్లో పెట్టారు, పులికి ఉన్న రక్షణే దీనికీ. అది ఉండాల్సిందే. కానీ విత్తిన శనగ మొలక దశలోనే పోతే రైతు ఎవరితో చెప్పుకోవాలి? నాన్న రాత్రుళ్లు చేన్లో కాపలా పడుకున్న రోజులు నాకు బాగా గుర్తు, పక్క చేను ఆయన ఒక ఏడాది రెండోసారి విత్తనం వేశాడు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర ఇదే మాట నడిచింది. బావ పని మీద ఒడిశాలోని బరంపురం వెళ్తుంటాడు, రైల్లో నాలుగైదు గంటలు. అక్కడి నుంచి ఆస్కా దగ్గర భేట్నొయి అనే ఊరికి వెళ్లి చూశాడట. గంజాం జిల్లాలోని ఆ ఊళ్లలో కృష్ణ జింకలు పొలాల్లో పశువుల్లా తిరుగుతాయి, ఎవరూ రాయి కూడా విసరరు. జింక అడుగు పెట్టిన చోట వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. 2011 లెక్కల్లో జిల్లాలో 2,000 పైచిలుకు ఉన్నవి 2021 నాటికి 7,000 దాటాయి.

"మరి వాళ్ల చేను మేస్తే వాళ్లకు ఎవరిస్తారు అల్లుడూ?" అని నాన్న అడిగాడు. బావ నమ్మకమే చాలంటాడు, తరాలుగా అలా బతుకుతున్నారు కదా అంటాడు. నాన్న ఒప్పుకోలేదు. "నేనూ దాన్ని కొట్టలేదు, కొట్టను కూడా. కానీ నేను పోగొట్టుకున్నది లెక్క రాసుకుని, మళ్లీ విత్తే లోపల చేతిలో పెట్టాల. అప్పుడు చేన్లో కొంచెం దాని కోసం కూడా వదులుతా" అన్నాడు. నేను నాన్న వైపే. నమ్మకం ఉన్న ఊళ్లో అది చాలేమో, మా ఊరికి మాత్రం టైముకు డబ్బులు రావాలి, బీడు బీడుగా మిగలాలి. వచ్చే చలికాలం ముగ్గురం కలిసి భేట్నొయి వెళ్దామనుకున్నాం. వానలు తప్పిన ఏడాది ఏం చేస్తారో అక్కడి రైతులనే అడుగుతానంటున్నాడు నాన్న, బావ ఒరియా మాట్లాడతాడు కాబట్టి ఆ పని ఆయనది.