జిప్ కవరు

పదకొండు దాటింది. అమ్మ పడుకుంది. ఆయన పొద్దున్నే కర్నూలు పోవాలని తొందరగా లైటు తీసేశారు. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఇది రాస్తున్నా. పొద్దుటి నుంచీ ఒక జిప్ కవరు నా మనసులోంచి పోవట్లేదు.

ఆదివారం కదా, చిన్నోడి ఫోను. వాడికి అక్కడ అమెరికాలో శనివారం రాత్రి. మాట్లాడుతూనే సరుకులకు బయల్దేరుతున్నాడు. కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, తాళంచెవి తీసుకున్నాడు. చివరికి ఫ్రిజ్ మీద నుంచి ఒక జిప్ కవరు తీసి కోటు లోపలి జేబులో పెట్టి, పైనుంచి అరచేత్తో రెండుసార్లు తట్టి చూసుకున్నాడు.

"అదేందిరా?" అన్నా.

"కాగితాలమ్మా. పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94, వర్క్ కార్డు."

"టమాటాలకు పోతూ పాస్‌పోర్టు ఎందుకు?"

"ఇప్పుడు అందరం పెట్టుకుంటున్నం. నువ్వు టెన్షన్ పడకు."

పద్దెనిమిదేళ్ళు నిండిన పరదేశీలు రిజిస్ట్రేషన్ కాగితాలు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడ 1952 చట్టంలోనే ఉందట. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు గట్టిగా అడుగుతున్నారట. వాడి రూమ్మేటు ఫ్రిజ్‌కు ఒక కాగితం కూడా అంటించాడు. ఐస్ వాళ్ళు, అంటే వలసల విభాగం పోలీసులు, వచ్చి తలుపు కొడితే తియ్యొద్దు, జడ్జి సంతకం చేసిన వారెంటు ఉంటే తలుపు కింది నుంచి చూపించమనాలి, వాళ్ళ ఆఫీసరే సంతకం పెట్టుకున్న కాగితం ఇంట్లోకి రావడానికి చాలదు, నోరు మెదపకుండా ఉండే హక్కు ఉంది, అని వరుసగా రాసి ఉంది. చిన్నోడు ఫోను తిప్పి చూపించాడు. వాడు పదో తరగతిలో లెక్కల సూత్రాలు కూడా ఇట్లాగే ఫ్రిజ్‌కు అంటించుకునేవాడు.

అంతలో తమ్ముడు న్యూజెర్సీ నుంచి కాల్‌లోకి వచ్చాడు. అమ్మ పంపిన సకినాలు చేరాయి. వాళ్ళ చిన్నది ఫోను దగ్గర పెట్టుకుని పటపటా కొరికితే అమ్మ పండగ మొత్తానికి అప్పుడే నవ్వింది. అంతవరకు బాగానే ఉంది.

నేను ఉండబట్టలేక కవరు సంగతి ఎత్తాను. తమ్ముడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తా. "అక్కా, కాయితం ఉన్నోనికి భయమేంది? దొంగదారిన వొచ్చినోళ్ళను పట్టుకపోతున్నరు. పట్టుకపోవాల్సిందే. వాళ్ళ వల్లనే మాకు ఈ తిప్పలు."

ఆ "పట్టుకపోవాల్సిందే" దగ్గర నాకు అన్నం ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టయింది. చిన్నోడు ఏమీ అనలేదు. మామ ముందు వాడెప్పుడూ ఏమీ అనడు. "సరే మామా, షాపు మూసేస్తరు" అని పెట్టేశాడు.

పొద్దంతా నేను మనసులో తమ్ముడితో వాదించుకుంటూనే ఉన్నా. బట్టలు ఆరేస్తూ వాదించా, క్లాక్ టవర్ దగ్గర కూరగాయలు కొంటూ వాదించా. 2019లో మిషిగన్‌లో జరిగింది వీడు మరిచిపోయాడా? ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఆ వలసల విభాగమే ఒక దొంగ కాలేజీ పెట్టింది. ఫీజులు కట్టించుకుంది, చదువుతున్నట్టు కాగితాలిచ్చింది, తర్వాత వచ్చి పిల్లలను పట్టుకుంది. మొదటి విడతలోనే 129 మంది మన దేశం వాళ్ళు, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. ఆ పిల్లల చేతిలో ఉన్నది కాగితమే కదా, సర్కారు ఇచ్చిన కాగితమే కదా! క్లాసులు లేవని వాళ్ళకు తెలుసు, తప్పు వాళ్ళదీ ఉంది అని అప్పుడు కూడా తమ్ముడు అన్నాడు. కొందరిది ఉండొచ్చు. కానీ వల వేసింది ఎవరు?

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ చదివే వేలమంది విదేశీ విద్యార్థుల వీసా హోదా రికార్డులు ఉన్నట్టుండి కంప్యూటర్లో కొట్టేశారు. కొందరిది ఎప్పటిదో ట్రాఫిక్ చలాను. కోర్టులకు పోతే ఏప్రిల్ చివర్లో మళ్ళీ పెట్టారు. ఆ నాలుగు వారాలు చిన్నోడు రాత్రి రెండింటికి కూడా రికార్డు తెరిచి చూసుకునేవాడు. నాకు తెలియదనుకున్నాడు. వాట్సాప్‌లో ఆన్‌లైన్ అని కనిపిస్తుంది కదా.

2025 సెప్టెంబరు 8న వాళ్ళ సుప్రీంకోర్టు ఇంకో పని చేసింది. లాస్ ఏంజెలెస్‌లో ఒంటి రంగు, మాట్లాడే యాస, నిలబడ్డ చోటు, చేసే పని, వీటిని మాత్రమే చూసి మనుషులను ఆపొద్దని కింది కోర్టు ఆదేశమిస్తే, దాన్ని నిలిపేసింది. ఆపేటప్పుడు కనపడేది రంగు, వినపడేది యాస. కాగితం జేబులో ఉంటుంది, నుదుటి మీద కాదు. ఇక 2026 జనవరి 7న మినియాపొలిస్‌లో ఐస్ ఏజెంటు కాల్చితే చనిపోయిన ఆమె అమెరికా పౌరురాలే. ఆమెకు లేని కాగితం ఏముంది?

నేను తొమ్మిదో తరగతికి రాజ్యాంగం చెప్పేటప్పుడు బోర్డు మీద రెండు మాటలు రాసి కింద గీత గీస్తాను. 19వ అధికరణలో "పౌరులు" అని ఉంటుంది. 14, 21లో "వ్యక్తి" అని ఉంటుంది. అంటే ప్రాణం, స్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం ఈ దేశంలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ. అమెరికా రాజ్యాంగం 14వ సవరణలోనూ అదే మాట ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీలు నడుపుకునే చైనా వాళ్ళ కేసులో 1886లోనే అక్కడి సుప్రీంకోర్టు పౌరులు కానివాళ్ళకూ అది వర్తిస్తుందంది. ఇవన్నీ నాకు కూరగాయల సంచి పట్టుకుని నడుస్తుంటే గుర్తొస్తాయి, ఫోనులో తమ్ముడు మాట్లాడుతుంటే ఒక్కటీ రాదు.

ఇంతకీ ఆ తట్టుకోవడం. చిన్నోడు జేబు తట్టుకున్నాడే, అది నాకు కొత్త కాదు. మా నాయిన బొడ్లో చెక్కుకున్న చిట్టీని అట్లాగే తట్టుకునేవాడు.

1981. నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఏడు బడి మాన్పించి నన్ను కూడా బొంబాయి తీసుకుపోయారు. కేబుల్ కోసం రోడ్డు పక్కన కాలువ తవ్వే పని. గుంపుమేస్త్రి కింద పదిహేను జంటలం, అందరం పాలమూరోళ్ళమే. రైలు పట్టాల పక్కన ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ గుడిసెలు. వలస కూలీకి ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు, అది నేను బీఎడ్ చదివేటప్పుడు తెలుసుకున్నా. నాయిన దగ్గర ఉన్నది అది కాదు. కంట్రాక్టరు ఇచ్చిన చిట్టీ. మరాఠీలో నాలుగు లైన్లు, కింద గుండ్రటి ముద్ర. నాలుగు మడతలు పెట్టి, యూరియా బస్తా లోపలి కవరు ముక్కలో చుట్టి, పురికొసతో కట్టి ఉండేది.

ఆ జులైలో మహారాష్ట్రకు అంతూలే ముఖ్యమంత్రి. ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి ఎవరి ఊరికి వాళ్ళను పంపెయ్యమని ఆర్డరు. మన దేశంలోనే, మనవాళ్ళనే. వానపడే రాత్రి లారీ వచ్చింది. టార్చిలైటు మా టార్పాలిన్ మీద పడగానే లోపలంతా పచ్చగా అయింది, అది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నాయిన బయటికి పోయి వానలో నిలబడ్డాడు, రెండు చేతులూ జోడించి. మా నాయిన దేవుని ముందు తప్ప ఎవరి ముందూ అట్లా నిలబడగా నేను చూడలేదు. హవల్దారు ఏదో అడిగాడు. నాయిన ఏదో చెప్పాడు. వానకు వినపడలేదు. అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని నా నోరు గట్టిగా మూసింది, దవడలు నొప్పి పెట్టేంత గట్టిగా. నేను ఏడిస్తే లారీ ఎక్కిస్తారని అనుకున్నా.

హవల్దారు చిట్టీ తిప్పి చూసి, ముద్ర మీద టార్చి వేసి, తిరిగి ఇచ్చేశాడు. మా పక్క గుడిసె యాద్గిరి దిక్కు జంటది. వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఇద్దరినీ ఎక్కించారు. ఆమె రొట్టెల పెంక వానలో అట్లాగే ఉండిపోయింది. తెల్లారి అమ్మ తెచ్చి కడిగి పెట్టింది, వస్తే ఇద్దామని. వాళ్ళు రాలేదు. ఆ పెంక మాతోపాటు ఊరికి వచ్చింది. నేను ఇంటర్ చదివేదాకా మా ఇంట్లో జొన్నరొట్టె దాని మీదే.

ఆ రాత్రి నాయిన లోపలికి వచ్చి, తల తుడుచుకుంటూ అన్నాడు: "భయపడకు బిడ్డా. మన తాన కాయితం ఉంది."

ఇది రాస్తుంటే చెయ్యి ఆగింది. తమ్ముడు పొద్దున అన్నదీ ఇదే కదా. వాడి మీద ఇంత కోపం తెచ్చుకున్న నేను నాయిన మాటను ఇన్నేళ్ళూ ధైర్యంలాగా దాచుకున్నా. పక్క గుడిసె వాళ్ళ కోసం నాయిన ఒక్క మాట మాట్లాడలేదు. ఎట్లా మాట్లాడతాడు, పెళ్ళాం బిడ్డ లోపలున్నారు. మరి తమ్ముడికి లేరా?

వాడు ఇరవై ఏళ్ళ కింద పోయాడు. 2014లో వేసిన గ్రీన్ కార్డు ఇప్పటికీ లైన్లోనే ఉంది. ఏ దేశానికైనా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరు, లైన్లో మనవాళ్ళు లక్షల్లో ఉన్నారు. నాయిన పోయినప్పుడు వీసా పొడిగింపు నడుస్తోందని రాలేకపోయాడు. చితికి నిప్పు పెట్టడం ఫోనులో చూశాడు. ఈ సంక్రాంతికి టికెట్లు కూడా కొన్నాడు. సోషల్ మీడియా తనిఖీలని హైదరాబాదు అమెరికా కాన్సులేటులో డిసెంబరు వీసా అపాయింట్‌మెంట్లు నెలలకు నెలలు వెనక్కి జరిపారు. ఇక్కడికొస్తే తిరిగి పోగలడో లేదో తెలియదు. అందుకే సకినాలు పార్సిల్ పోయాయి. వాడు "పట్టుకపోవాల్సిందే" అన్నప్పుడు గొంతు గట్టిగా ఉంది, కానీ భయపడ్డవాడి గొంతూ అట్లాగే ఉంటుంది. ఇంత ఓపికగా లైన్లో నిలబడ్డ నన్ను వాళ్ళతో కలపొద్దు అని వాడు ఎవరినో బతిమాలుకుంటున్నట్టుంది.

అట్లాగని వాడన్నది ఒప్పుకోలేను. సరిహద్దు ఉండాలి, చట్టం ఉండాలి, కాదనను. 2025 ఫిబ్రవరి 5న మనవాళ్ళు 104 మందిని సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించారు. పంపితే పంపారు. చేతులకు బేడీలు, కాళ్ళకు గొలుసులు ఎందుకు? ఆ బొంబాయి ఫుట్‌పాత్ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. సేలం కూలీ కుటుంబాన్ని బస్సెక్కించి ఊరికి పంపితే, పెళ్ళాం బిడ్డలను అక్కడే ఉంచి అతనొక్కడే పని వెతుక్కుంటూ తిరిగొచ్చాడు. 1985లో తీర్పు వచ్చింది, ఓల్గా టెల్లిస్ కేసు. బతుకుదెరువు కూడా 21వ అధికరణలోని ప్రాణంలో భాగమేనంది. ఖాళీ చేయించొద్దు అనలేదు. ముందు నోటీసివ్వాలి, వాళ్ళు చెప్పేది వినాలి అంది. నేను అడిగేదీ అంతే. చిన్నోడికైనా, దొంగదారిన వచ్చాడని తమ్ముడు అనేవాడికైనా, లారీ ఎక్కించేముందు వాడు చెప్పేది ఒకరు వినాలి.

సాయంత్రం అమ్మా నేనూ అనపకాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఊరికే అడిగా, "అమ్మా, బొంబాయిల ఆ రాత్రి నాయిన చిట్టీ చూపిస్తేనే కదా మనల్ని ఇడిసిపెట్టిండ్రు?"

అమ్మ గింజలు చాటలో వేస్తూనే ఉంది. "ఆ చిట్టీ మీ నాయినది యాడిదే. మీ పెద్దనాయినది."

అంతకుముందు ఏడు ఆ కంట్రాక్టరు దగ్గర చేసింది పెద్దనాయిన. ఆ ఏడు కాలు విరిగి మంచంల పడ్డాడు. చిట్టీ ఉన్నోళ్ళనే పనికి తీసుకుంటామన్నారట. అప్పు కట్టాలి. పెద్దనాయిన చిట్టీ పట్టుకుని నాయిన పోయాడు. గుంపుమేస్త్రికి తెలుసు. పేరు అడిగితే బాలయ్య అని చెప్పుమన్నాడు.

"ఏడు నెల్లు బాలయ్య అనే పిలిచిండ్రు" అంది అమ్మ. "ఆ రాత్రి పోలీసోడు పేరు అడిగిండు, మీ నాయిన బాలయ్య అన్నడు. నువ్వు అప్పటికే నోరు తెరిచినవ్. మా నాయిన పేరు నర్సింహులు అంటవని మూసిన."

నేను ఒలవడం ఆపేశాను. అమ్మ ఆపలేదు.

తమ్ముడు పుట్టింది ఆ మరుసటి ఏడు. వాడికి ఈ సంగతి తెలియదు. ఇప్పుడే ఫోను చేద్దామనుకుని నంబరు దాకా పోయి ఆగాను, నేను చెబితే వాదన అవుతుంది. వచ్చే ఆదివారం వాడు కాల్‌లోకి రాగానే ఫోను అమ్మ చేతికి ఇచ్చేస్తాను. చిన్నోడిని కూడా షాపుకు పోకుండా ఉండమంటా.