నాలుగు బిళ్లలు కాల్చి నేర్చుకున్న మరమ్మతు

మా అన్నయ్య 2009లో డల్లాస్ నుంచి వస్తూ తెచ్చిన, రాక్ బ్యాండ్ అనే వీడియో గేమ్ డ్రమ్ సెట్టులో ఆరు నెలలుగా మూగబోయిన ఎర్ర ప్యాడ్ నిన్న రాత్రి మళ్లీ పలికింది. ఆటలో స్నేర్ (తాళం నడిపే ముఖ్యమైన డ్రమ్) వంతు ఎర్రదానిదే కాబట్టి నాలుగు ప్యాడ్లలో ఎక్కువ దెబ్బలు తిన్నది అదే.

ముందు మా పేటలోని ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. అతను ఒక్క స్క్రూ అయినా విప్పకుండా, బోర్డు పోయిందనీ మూడు వేలవుతుందనీ చెప్పి, "ఈ వయసులో ఈ ఆటేంటి సార్" అని నవ్వాడు. ఆ నవ్వే నా చేత ఇంట్లో పని మొదలుపెట్టించింది.

స్క్రూలు విప్పడం పావుగంట పని. కలిసిపోకుండా వాటిని ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేసుకున్నాను. బోర్డు దగ్గర ఎరుపు, పసుపు ప్యాడ్ల తీగలను తారుమారు చేసి చూస్తే, ఎర్రదాన్ని ఎక్కడ తగిలించినా పలకలేదు, పసుపుది రెండు చోట్లా పలికింది. అంటే బోర్డు నిక్షేపంగా ఉంది. ప్యాడ్ అడుగున పది రూపాయల నాణెమంత ఇత్తడి బిళ్ల, దాని నడుమ తెల్లని పింగాణీ పూత, ఆ పూత మీద నుంచి ఊడి వేలాడుతున్న ఎర్ర తీగ కనిపించాయి. దెబ్బ తగిలి బిళ్ల అదిరినప్పుడు పుట్టే చిన్నపాటి కరెంటునే బోర్డు దెబ్బగా లెక్కిస్తుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో ఈ బిళ్లను పీజో సెన్సర్ అని ఎంత గొప్పగా అడిగినా లేదన్నారు. పాత బిళ్ల చూపించగానే "బజరా, ముందే చెప్పొచ్చుగా" అని ఆరు చేతిలో పోశారు.

అసలు అవమానం ఇక్కడి నుంచే. నల్ల తీగ ఇత్తడి అంచుకు సులువుగానే అతికింది. ఎర్ర తీగను నడిమి భాగానికి అతికించబోతే, సోల్డరింగ్ ఐరన్ రెండు మూడు సెకన్లు ఆగేసరికి పింగాణీ మీది సన్నని వెండి పొర పాలమీగడలా లేచి వచ్చింది. రెండోది అలాగే పోయింది, మూడోది పెళుసుగా పగిలింది. నాలుగోదాని మీద పొగ లేవగానే మా అమ్మాయి గుమ్మంలోంచి "నాన్నా, ఇది కూడా కాలిందా?" అని అడిగింది. ఇంజనీరింగ్ పట్టా గోడకు తగిలించుకున్న మనిషికి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మూడో ఆదివారానికి కిటుకు దొరికింది. ముందుగా తీగ కొసకే సీసం పట్టించి, బిళ్ల మీద కాస్త ఫ్లక్స్ (అతుకు బాగా పట్టేలా చేసే పేస్టు) రాసి, ఐరన్‌ను సెకను కూడా ఆపకుండా తాకించి తీసేయాలి. అతుకు మీద గ్లూ గన్‌తో ఒక బొట్టు వేయాలి. లేకపోతే అదురుకు మళ్లీ ఊడుతుంది. బిళ్లను పాతదాని చోటే, పాతదానిలాగే కూర్చోబెట్టాలి. నేను మొదట దాని అంచును ప్లాస్టిక్ డొప్పకు ఆనించడంతో, పసుపు మీద కొట్టినా ఎరుపు పలికింది.

నిన్న రాత్రి మా అమ్మాయే ముందు కూర్చుని ఒక పాట పూర్తిగా వాయించింది. మిగిలిన ఒక్క బిళ్లనూ టేపుతో డొప్ప లోపలే అంటించి పెట్టాను; పసుపు ప్యాడ్ అప్పుడప్పుడూ దెబ్బలు మింగుతోంది.