డొమైన్ పోయింది, దాని పెత్తనం పోలేదు

శనివారం. పాత ఆఫీసు నుంచి కొనుక్కున్న ల్యాప్‌టాప్, విండోస్ 10 ప్రో. వాళ్ల ఐటీ వాళ్లు డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటు) లిస్టులోంచి తీసేశారు, నేను ఇటువైపు వర్క్‌గ్రూప్‌లోకి, అంటే విడి మెషీన్‌గా మార్చాను. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ముందే పెట్టుకున్నాను. అది మరిచిపోయి రీస్టార్ట్ చేస్తే లాగిన్ స్క్రీన్ దగ్గరే కూర్చోవాలి.

కొత్తగా విండోస్ వేసుకుంటే గంటలో తేలిపోతుందని తెలుసు. కానీ ఇందులో ఉన్న ఒక పాత ప్రోగ్రామ్‌కి ఇన్‌స్టాలర్ నా దగ్గర లేదు. అందుకే ఆఫీసు పెట్టిన రూల్స్‌ని (పాలసీలని) ఒక్కొక్కటిగా తీసే ఈ తిప్పలు.

అప్‌డేట్ పేజీలో ఇంకా అదే మాట: కొన్ని సెట్టింగ్స్ మీ సంస్థ చేతిలో ఉన్నాయట. ఆ రూల్స్ చూపించే గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిస్తే మాత్రం అన్నీ ‘నాట్ కాన్ఫిగర్డ్’, అంటే ఏదీ పెట్టలేదని. ఇక్కడే ఒక పూట పోయింది. ఆ ఎడిటర్ చూపించేది ఈ మెషీన్‌లో పెట్టిన లోకల్ పాలసీని మాత్రమే. డొమైన్ నుంచి వచ్చినవి నేరుగా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) కూర్చుంటాయి, దానికి కనబడవు.

ముందుగా కమాండ్ ప్రాంప్ట్‌లో, ఈ మెషీన్ ఇంకా ఏ సంస్థతో కలిసి ఉందో చెప్పే డీఎస్‌రెగ్‌సీఎండీ స్టేటస్ చూశాను. డొమైన్ జాయిన్డ్, అజూర్ ఏడీ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో సంస్థల ఖాతాల డైరెక్టరీ) జాయిన్డ్, రెండూ ‘నో’. అజూర్ దగ్గర ‘ఎస్’ ఉండి, అటునుంచి మేనేజ్ చేస్తుంటే ఈ పాలసీలు ఎంత తుడిచినా మళ్లీ వచ్చేవి.

ఆదివారం. రిజిస్ట్రీలో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ దాకా వెళితే విండోస్‌అప్‌డేట్ అనే కీ (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటిది). అప్‌డేట్లు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే డబ్ల్యూయూసర్వర్ ఎదురుగా ఆఫీసు సర్వర్ అడ్రస్, చివర 8530 పోర్ట్. ఇంట్లో కూర్చుని ఆ సర్వర్‌ని వెతుకుతుంటే అప్‌డేట్ ఎలా వస్తుంది! కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, డిలీట్ చేసి, అప్‌డేట్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేశాను. పని చేసింది.

అదే పాలసీస్ కింద గూగుల్, క్రోమ్. బలవంతంగా ఎక్కించిన ఎక్స్‌టెన్షన్ అక్కడ ఉంది. అదీ తీశాను. సిస్టమ్32లో దాచి ఉండే గ్రూప్‌పాలసీ ఫోల్డర్‌ని డిలీట్ చేయకుండా పేరు మార్చి, పాలసీలని మళ్లీ చదివించే జీపీఅప్‌డేట్ కమాండ్‌ని ఫోర్స్‌తో నడిపాను.

సోమవారం. అయిదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ లాక్ అవుతోంది. పవర్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా అంతే. ఇది ఇంకోచోట దొరికింది: మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, సిస్టమ్. InactivityTimeoutSecs (ఎన్ని సెకన్లు ముట్టుకోకపోతే లాక్ అవ్వాలో చెప్పేది) ఎదురుగా హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 12సి, అంటే 300 సెకన్లు. సున్నా చేశాను. లాగిన్‌కి ముందు వచ్చే హెచ్చరిక బోర్డు, లీగల్ నోటీస్ టెక్స్ట్, కూడా ఇక్కడే ఉంటే దాన్నీ ఖాళీ చేశాను.

ఈ సిస్టమ్ కీని మొత్తంగా డిలీట్ చేయమని చెప్పేవాళ్లున్నారు. వద్దు. అడ్మిన్ మార్పులకి ముందు అనుమతి అడిగే యూజర్ అకౌంట్ కంట్రోల్‌ని నడిపే ఎనేబుల్ ఎల్‌యూఏ కూడా ఇందులోనే ఉంది. ఒక్కో వాల్యూ చూసుకుంటూ తీయాలి.

పాస్‌వర్డ్ నిడివి, గడువు రూల్స్ రిజిస్ట్రీ పాలసీలతో పోవు. వాటిని లోకల్ సెక్యూరిటీ పాలసీలోకి వెళ్లి మార్చాను. సెక్‌ఎడిట్ కమాండ్‌తో మొత్తం డిఫాల్ట్‌కి తేవచ్చు గానీ, రెండు రూల్స్ కోసం అన్నిటినీ కదపడం నాకు నచ్చలేదు.

రీస్టార్ట్ చేసి, టీ తాగి పది నిమిషాలకి వచ్చాను. స్క్రీన్ అలాగే ఉంది. ఇంక మిగిలింది సర్టిఫికెట్ స్టోర్‌లో ఆఫీసు వాళ్ల రూట్ సర్టిఫికెట్, అంటే వాళ్లు జారీ చేసిన సర్టిఫికెట్లని ఈ మెషీన్ నమ్మేలా చేసేది. దాన్ని గుర్తుపట్టే కోడ్ (థంబ్‌ప్రింట్) రాసుకున్నాను, తీసేయడం రేపు.