ఆదివారం, టులెట్ బోర్డుల వెంట

ఇల్లు ఖాళీ చేయమని యజమాని చెప్పి ఇవాళ్టికి పదిహేను రోజులు. కూతురు, అల్లుడు వచ్చి ఉండబోతున్నారట కనుక ఆయనను తప్పుపట్టలేను. కానీ ప్రైవేటు స్కూలు జీతంతో అద్దెకు 7,000 రూపాయలు మించి పెట్టలేని నాకు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అమ్మకు, హైదరాబాద్‌లో సనత్‌నగర్ చుట్టుపక్కల కింది పోర్షన్ దొరకడం ఎంత కష్టమో ఈ రోజు తిరిగితే గానీ తెలియలేదు.

ఎండ ముదరకముందే బయలుదేరి, మోతీనగర్ నుంచి బోరబండ దాకా టులెట్ అని కనిపించిన ప్రతి గేటు దగ్గరా ఆగాం. రెండు నెలల అడ్వాన్సుకే చిట్టీ పాడుకోవలసిన మేము బ్రోకరుకు కమిషన్ కూడా ఇచ్చుకోలేము. ఒకచోట గది చూపించక ముందే "మీరేమిట్లు?" అని అడిగారు. అమ్మ జవాబు చెప్పకుండా "పదమ్మా" అంటూ నా చెయ్యి పట్టుకుంది. అద్దె నెలనెలా కడతామా అని అడిగి ఉంటే నేనే ముందుకొచ్చి చెప్పేదాన్ని. కులం అడిగే ఈ ప్రశ్నకు మాత్రం నిలబడి జవాబు చెప్పాలనిపించలేదు.

ఇంకొక పోర్షన్ అద్దె 6,500 అనగానే ఆశ కలిగింది. ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే పేద కుటుంబాలకు, అద్దెకున్నవారికి సైతం, కరెంటు బిల్లు ఉండదు కానీ, అందుకు విడి మీటరు కావాలి. అక్కడ ఉన్నది సబ్ మీటరు. యూనిట్‌కు 10 రూపాయల చొప్పున యజమానికే ఇవ్వాలి. మేము వాడే 80 యూనిట్లకు లెక్క వేస్తే అద్దె 7,300కు చేరింది.

నగర శివారు కొల్లూరులో పేదల కోసం ప్రభుత్వం 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్లు గుర్తుకొచ్చాయి. మాకు లాటరీలో రాలేదు. వచ్చిన మా పాత పొరుగింటావిడ ఇళ్లలో పని కోసం ఇప్పటికీ చీకటితోనే లేచి రెండు బస్సులు మారి ఇటే వస్తుంది. సొంత గడప దొరికినందుకు ఎంత సంతోషించానో, ఆమె అలసట చూస్తే అంత బాధ కలుగుతుంది.

మధ్యాహ్నం బోరబండ స్టేషన్‌కు దగ్గరలో ఒక గది, వంటగది చూశాం. అద్దె 7,000, మీటరు విడిగా ఉంది, బాత్రూమ్ మాత్రం పక్క వాటాతో కలిసి వాడుకోవాలి. యజమానురాలు లోపలికి వెళ్లినప్పుడు అమ్మ పక్కింటావిడను మంజీరా కుళాయి నీళ్ల గురించి అడిగింది. రోజు విడిచి రోజు, తెల్లవారుజామున గంటసేపు వస్తాయని ఆవిడ చెప్పింది. అమ్మ గడప ముందున్న మూడు మెట్లూ రెండుసార్లు ఎక్కి దిగి, "ఇది చాలమ్మా" అంది.

బుధవారంలోగా 14,000 కట్టాలి. రేపు స్కూలుకు వెళ్లే ముందే చిట్టీ ఆంటీని కలుస్తాను.