టెరెజిన్‌లో పెట్ర్ గింజ్

ప్రాగ్ నుంచి ఉత్తరంగా 60 కిలోమీటర్లు, బస్సులో గంట ప్రయాణం. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన ఘెట్టో, టెరెజిన్. చుట్టూ ఎర్ర ఇటుకల కోటగోడలు, లోపల తిన్నటి వీధులు. మా అబ్బాయి ఆమధ్య స్కూల్లో ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజమాస్’ చదివాడు. పూర్తిచేసిన రాత్రి అన్నం ముట్టలేదు. అందుకే ఇక్కడికి రావాలని పట్టుబట్టాను.

ఆ నవలతో నాకు మొదట్నుంచీ పేచీయే. అందులో నాజీ అధికారి కొడుకు, తొమ్మిదేళ్ల పిల్లవాడికి, యూదులను బంధించిన శిబిరం కంచె అవతల ఏం జరుగుతోందో బొత్తిగా తెలియదు. ఆ తెలియనితనమే పసితనం అన్నట్టు నడుస్తుంది కథ. ఆష్విట్జ్ అంటే నాజీలు యూదులను సామూహికంగా చంపిన శిబిరం. 2020లో అక్కడి మ్యూజియం కూడా, ఈ చరిత్ర చదివేవాళ్లూ పాఠం చెప్పేవాళ్లూ ఆ పుస్తకం జోలికి పోవద్దంది.

టెరెజిన్ పిల్లలకు తెలుసు. ఇప్పుడు ఘెట్టో మ్యూజియం ఉన్న భవనం అప్పట్లో మగపిల్లల వసతి గృహం, ఎల్417. 1942 నుంచి 1944 దాకా అక్కడి ఒక గది పిల్లలు ‘వెడెమ్’ అనే వారపత్రిక నడిపారు. ఉన్నది ఒక్కటే ప్రతి. శుక్రవారం అందరూ చేరి కూర్చుంటే పైకి చదివేవారు. సంపాదకుడు పెట్ర్ గింజ్‌కి జూల్ వెర్న్ సాహస నవలలంటే పిచ్చి. తనే నవలలు రాశాడు. 1944 సెప్టెంబర్‌లో అతన్ని ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. అప్పటికి పదహారేళ్లు.

బయట బెంచీ మీద కూర్చుని, పెట్ర్ గీసిన చంద్రుడి బొమ్మ మా వాడికి ఫోన్‌లో చూపించాను. ముందు కోసుగా లేచిన కొండలు, వెనక చీకటి ఆకాశంలో భూమి. ఈ గోడల మధ్య ఉండి భూమిని అంత దూరం నుంచి చూడగలిగాడా అని నాకు గొంతు పట్టేసింది. దాని నకలును ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ కొలంబియాలో తీసుకెళ్లాడు. మన కల్పనా చావ్లా వెళ్లిన నౌకే అది. నౌక కూలిన 2003 ఫిబ్రవరి 1, బతికుంటే పెట్ర్‌కి 75వ పుట్టినరోజు.

“అమ్మా, ఇది నేను కథగా రాస్తే మా టీచర్ నమ్మదు,” అన్నాడు.

ఆ ప్రమాదం, ఆ బొమ్మ గురించి వార్తలు చూసే ప్రాగ్‌లో ఒకాయన, పాత ఇంటి అటక మీద దొరికిన నోటుపుస్తకాలు పెట్ర్‌వేనని గుర్తుపట్టాడు. అది అతని డైరీ. చెల్లెలు దాన్ని పుస్తకంగా తెచ్చింది. ప్రాగ్‌కి తిరిగొచ్చి ఇంగ్లిష్ అనువాదం కొన్నాం. ట్రామ్‌లోనే తెరిచాం. యూదులంతా పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్న రోజున, పదమూడేళ్ల పెట్ర్ బడికి వెళ్తూ దారిలో 69 మంది ‘షెరీఫ్’లను లెక్కపెట్టాడట. కౌబాయ్ షెరీఫ్ చొక్కాకి నక్షత్రం ఉంటుంది కదా!

మా వాడు ఫక్కున నవ్వాడు. “వీడు మా క్లాసులో ఉంటే బాగుండేదమ్మా.”