గ్లాస్ అనే మ్యాంక్స్ మాట వెంట

ఉద్యోగం కోసం బ్రిటన్, ఐర్లండ్ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి వచ్చి డగ్లస్‌లో ఉంటున్నాను. ఊరి అంచున పుల్‌రోజ్ దగ్గర ధూ, గ్లాస్ అనే రెండు ఏరులు కలుస్తాయి. ఈ దీవి సొంత భాష మ్యాంక్స్‌లో ధూ అంటే నలుపని తెలుసు. గ్లాస్ అంటే గాజులా తేటగా ఉండేదేమో అనుకున్నాను. మ్యాంక్స్ క్లాసులో అదే చెబితే టీచరుగారు నవ్వి, "నిఘంటువు చూసి రండి" అన్నారు.

మన దగ్గరైతే మాటకి అర్థం అమ్మమ్మని అడుగుతాం. ఇక్కడ ఆ దారి లేదు. మ్యాంక్స్ మాతృభాషగా పెరిగిన పాతతరంలో చివరివాడైన నెడ్ మడ్రెల్ 1974లో చనిపోయాడు. అందుకే 1835 నాటి క్రెగీన్ నిఘంటువే నాకు పెద్ద దిక్కయింది.

చూస్తే గడ్డి రంగూ గ్లాసే, బూడిద రంగూ గ్లాసే, పాలిపోయిన ముఖమూ గ్లాసే. ఒక్క మాటకి ఇన్ని రంగులేమిటని రెండు రోజులు తల పట్టుకున్నాను. తర్వాత మన 'పచ్చ' గుర్తొచ్చింది. అరటాకూ పచ్చే, పసుపుకొమ్మూ పచ్చే. "పిల్ల పచ్చగా ఉంది" అంటే ఆకురంగు అని ఎవరూ అనుకోరు కదా! అప్పుడు మనసు కుదుటపడింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత. ఓ పాఠంలో 'ఫో ఘ్లాస్' అని వచ్చింది. నా చిన్న పదపట్టికలో 'ఘ్లాస్' లేనే లేదు. ఈ భాషలో మాట మొదటి అక్షరం ముందున్న మాటని బట్టి మారిపోతుంది. మంచి ఉదయం 'మొర్రె మై', మంచి రాత్రి 'ఈ వై'. రెండింటిలోనూ 'మంచి' ఒకటే, మై కాస్తా వై అయింది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టే! క్రెగీన్ మహానుభావుడు అలా మారిన రూపాలనూ వరుసలో పెట్టి, మూలాక్షరం పక్కనే చూపించాడు. అలా తేలింది: గ్లాస్ అంటే తాళం కూడా. ఫో ఘ్లాస్ అంటే తాళం వేసి ఉంది అని.

ఊరి పేరు సంగతి చివర్న తెలిసింది. ధూ, గ్లాస్ కలిసి డగ్లస్ అయిందని ఇక్కడ చాలామంది చెబుతారు, నేనూ నమ్మాను. పండితులు మాత్రం మ్యాంక్స్‌కి మూలమైన పాత గేలిక్ భాషలో 'నల్లని ఏరు' అనే మాట నుంచి వచ్చిందంటారు. అంటే ఊరి పేరులోని గ్లాస్‌కి అర్థం ఏరు.

నిన్న సాయంత్రం మళ్లీ ఆ ఏరులు కలిసే చోటికి వెళ్లి నిలబడ్డాను. వానకి గ్లాస్ ఏటి నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి, గట్టున గడ్డి ఆకుపచ్చగా ఉంది. రెండింటినీ చూస్తూ ఆ ఒక్క మాటే పైకి అన్నాను.